లియో ఫెండర్

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ (ఆగష్టు 10, 1909 - మార్చి 21, 1991) అమెరికా దేశానికి చెందిన సంగీత వాద్యాల రూపకర్త, పారిశ్రామికవేత్త. లియో ఫెండర్ అన్న పేరుతోనే ప్రసిద్ధుడు. టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్లు, ప్రెసిషన్ బాస్ అనే ఎలక్ట్రిక్ బాస్ గిటారు ఈయన సంస్థలో ఈయన పర్యవేక్షణలో రూపుదిద్దుకున్నాయి. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో పాశ్చాత్య జనరంజక సంగీతం ఈ వాద్యాల మీదనే చాలావరకు నడిచింది. ఇన్ని గిటార్లను తయారుచేసిన ఈయనకు గిటారు వాయించడం రాకపోవడం విశేషం. వృత్తిరీత్యా ఈయన రేడియోలు బాగుచేసే మెకానిక్కు. ఏ వస్తువైనా ఏదో ఒకనాడు చెడిపోతుందనీ, దాన్ని విప్పి బాగుచేసేవాడికి పని తేలికగా ఉండాలనీ భావించి వాద్యాలను రూపొందించాడు. అయితే ఆయన మొదటి గిటారులో ఒక చిన్న భాగం మాత్రం ఈ నియమానికి లొంగలేదు. కేబుల్‌ను గుచ్చే అవుట్‌పుట్ జాక్ ఆ భాగం.

బాల్యం

లియో ఫెండర్ 1909 ఆగష్టు 10 న కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల మధ్యనున్న ఒక నారింజ తోటలో జన్మించాడు. తల్లిదండ్రులు క్లారెన్స్ మోంటే ఫెండర్, హారియెట్ ఎల్వైరా. వీరిది వ్యవసాయ కుటుంబం. ఎనిమిదేళ్ళ వయసులో కణితి కారణంగా లియో ఎడమ కన్ను తీసివేయవలసి వచ్చింది. అప్పటినుండి జీవితాంతం గాజు కన్నుతోనే గడిపాడు.

పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో జరిగిన ఒక సంఘటన ఈయన జీవితాన్ని మలుపు తిప్పింది. శాంటా మరియా అనే ఊళ్ళో ఈయన బంధువు జాన్ వెస్ట్‌కు మోటారు వాహనాల ఎలక్ట్రికల్ పనులు చేసే దుకాణం ఉండేది. ఆయన పనికిరాని రేడియో భాగాలను ఒక పెట్టెలో వేసి, ఒక బ్యాటరీతో సహా లియోకు పంపాడు. మరుసటి సంవత్సరం ఆ దుకాణానికి వెళ్ళిన లియో, పాత సామాను జోడించి తయారుచేసిన రేడియో ఒకటి దుకాణం ముందు పెద్ద శబ్దంతో పాడుతుండగా చూశాడు. ఆ ధ్వని తన మనసులో శాశ్వతంగా నిలిచిపోయిందని తరువాతి కాలంలో చెప్పుకునేవాడు. అక్కడినుండి ఇంటికి వచ్చి ఇరుగుపొరుగు వారి రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు. సంగీతంలో పియానో, సాక్సోఫోన్ కొంతకాలం నేర్చుకున్నాడు గానీ అవి ఎక్కువకాలం సాగలేదు.

ఉద్యోగాలు, రేడియో దుకాణం

1928లో ఫుల్లర్టన్ యూనియన్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించుకుని, ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో చేరాడు. చదివినది గణకశాస్త్రం (అకౌంటెన్సీ). ఎలక్ట్రానిక్సులో ఈయనకు పాఠశాల శిక్షణ అంటూ ఏదీ లేదు. చదువు తరువాత అనహైమ్‌లోని ఒక మంచు తయారీ సంస్థలో సరుకు చేరవేసే పనిలో చేరి, అక్కడే లెక్కలు వ్రాసే స్థాయికి ఎదిగాడు. ఆ రోజుల్లోనే స్థానికంగా నృత్య కార్యక్రమాలు నిర్వహించే ఒక బృందం కోసం మైకు, లౌడ్‌స్పీకర్ల వ్యవస్థను తయారుచేసి ఇచ్చాడు. 1934లో ఎస్తర్ క్లోస్కీతో వివాహం జరిగింది. తరువాత రాష్ట్ర రహదారుల శాఖలో గణకునిగా పనిచేశాడు. ఆర్థిక మాంద్యం కారణంగా ఆ ఉద్యోగం పోయింది. ఆపై ఒక టైర్ల కంపెనీలో దొరికిన ఉద్యోగం కూడా కొద్ది నెలల్లోనే పోయింది.

1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌కు తిరిగివచ్చి ఫెండర్ రేడియో సర్వీస్ అనే దుకాణం తెరిచాడు. ఈ దుకాణానికి రేడియోలే కాక వాద్యకారుల యాంప్లిఫయర్లు, మైకులు, హవాయి పద్ధతిలో ఒడిలో పెట్టుకుని వాయించే గిటార్లు కూడా మరమ్మతుకు వచ్చేవి. రాత్రి కచేరీలో ఏది ఊడిపోయిందో, ఏ వైరు తెగిందో మర్నాటి ఉదయానికి ఫెండర్ బల్ల మీదకు చేరేది. వాద్యాలు ఎక్కడ, ఎందుకు చెడిపోతాయన్న జ్ఞానం ఈయనకు ఈ దుకాణంలోనే అబ్బింది. వాద్యకారుడు తన వాద్యం ధ్వనిని గురించి ఆలోచిస్తాడు, ఫెండర్ మాత్రం దాని మరమ్మతును గురించి ఆలోచించేవాడు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో డాక్ కాఫ్‌మన్ అనే వాద్య నిపుణునితో పరిచయం ఏర్పడింది. ఇద్దరూ కలిసి గ్రామఫోను రికార్డులను వాటంతటవే మార్చే యంత్రాన్ని తయారుచేసి, దాని హక్కులను 5,000 డాలర్లకు అమ్మారు. పికప్‌ను పరీక్షించడం కోసం వీరు మొరటుగా చెక్కిన ఒక గిటారును స్థానిక కంట్రీ సంగీతకారులు కచేరీలకు అద్దెకు తీసుకుపోవడం మొదలుపెట్టారు. కె అండ్ ఎఫ్ అన్న పేరుతో ఇద్దరూ కొంతకాలం గిటార్లు, యాంప్లిఫయర్లు తయారుచేశారు. 1946లో కాఫ్‌మన్ భాగస్వామ్యం నుండి తప్పుకోవడంతో ఫెండర్ ఒంటరిగా కొనసాగాడు. కొద్దికాలంలోనే ఆ వ్యాపారం ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీగా మారింది. 1948లో జార్జి ఫుల్లర్టన్ ఈ సంస్థలో చేరి, ఫెండర్‌కు జీవితాంతం సహచరుడయ్యాడు.

టెలికాస్టర్

అప్పటికి వాడుకలో ఉన్న ఎలక్ట్రిక్ గిటార్లలో అధికభాగం లోపల బోలుగా ఉండేవి. యాంప్లిఫయర్ శబ్దం పెంచితే ఆ బోలు పెట్టె కంపించి, పికప్ ఆ కంపనాన్ని మళ్ళీ అందుకుని, కూతపెట్టినట్లు శబ్దం వచ్చేది. బోలు లేని ఒకే చెక్కపలకతో గిటారు చేస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. ఈ ఆలోచన ఇతరులకు కూడా వచ్చింది గానీ, దాన్ని కర్మాగారంలో పెద్దయెత్తున, తక్కువ ధరకు తయారుచేయడంలో విజయం సాధించినవాడు ఫెండర్.

1950లో ఈ గిటారు ఎస్క్వైర్ అన్న పేరుతోనూ, రెండు పికప్‌లతో బ్రాడ్‌కాస్టర్ అన్న పేరుతోనూ వెలువడింది. గ్రెచ్ సంస్థ దాదాపు ఇదే పేరుతో డ్రమ్ములు అమ్ముతూ ఉండడంతో వారి అభ్యంతరం మేరకు పేరు మార్చవలసి వచ్చింది. 1951లో కొన్ని నెలలపాటు తయారైన గిటార్ల మీద ఫెండర్ అన్న మాట తప్ప మరే పేరూ ఉండేది కాదు. సేకరణకర్తలు వీటికి తరువాత నోకాస్టర్ అని పేరు పెట్టుకున్నారు. చివరికి టెలికాస్టర్ అన్న పేరు ఖాయమైంది. అప్పట్లో అమెరికా ఇళ్ళలోకి టెలివిజన్ కొత్తగా అడుగుపెడుతూ ఉంది.

టెలికాస్టర్ నిర్మాణం సంప్రదాయ గిటారు తయారీదారులకు మొరటుగా తోచింది. సంప్రదాయ గిటారులో మెడ భాగాన్ని జిగురుతో అతికిస్తారు. అది వంగిపోతే బాగుచేయడం పెద్ద పని. ఫెండర్ మెడను నాలుగు మరలతో బిగించాడు. పాడైతే విప్పి మరొకటి బిగించుకోవచ్చు. శబ్దాన్ని నియంత్రించే బొత్తాలన్నీ ఒక లోహపు పలక మీద అమర్చి, రెండు మరలు విప్పితే మొత్తం బయటకు వచ్చేలా చేశాడు. రేడియో మెకానిక్కు చేసిన గిటారు అని దీన్ని చూడగానే తెలుస్తుంది.

అవుట్‌పుట్ జాక్ సమస్య

ఎలక్ట్రిక్ గిటారులో ఉక్కు తీగ కంపించినపుడు దాని కింద అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగచుట్టలో చాలా స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. అది సాధారణంగా ఒక వోల్టుకు లోపే ఉంటుంది. ఈ విద్యుత్తు యాంప్లిఫయర్‌కు చేరడానికి గిటారులో ఉన్న ఒకే ద్వారం అవుట్‌పుట్ జాక్. ఫెండర్ దీనికోసం కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం తయారైన పావు అంగుళం (6.35 మిల్లీమీటర్లు) జాక్‌నే అందరిలాగా వాడాడు. ఎక్స్ఛేంజీలో ఆపరేటర్లు ఒకరి లైను మరొకరికి కలపడానికి బోర్డు మీద గుచ్చుతూ, పీకుతూ ఉండే ప్లగ్గు ఇదే.

ఈ జాక్ నిర్మాణం సులభమైనది. ప్లగ్గు మొదలు భాగాన్ని తాకే లోహపు గొట్టం ఎర్త్ (భూమి) వైరుకు, ప్లగ్గు కొసను అదిమిపట్టే వంపు తిరిగిన స్ప్రింగు రేకు సంకేతాన్ని మోసే వైరుకు కలిసి ఉంటాయి. గొట్టానికి బయటివైపు మరలు ఉంటాయి. దానికి ఒక నట్టు బిగిస్తే జాక్ తన చోట నిలుస్తుంది. టెలిఫోన్ బోర్డు కదలదు గనుక అక్కడ ఇది చక్కగా పనిచేసింది. గిటారు అలా కాదు. వాయించేవాడు నిలబడతాడు, తిరుగుతాడు, ఒక్కోసారి తన కేబుల్‌ను తానే తొక్కుతాడు. ఆ లాగుడు అంతా ఒక్క నట్టు మీద పడుతుంది.

టెలికాస్టర్‌లో జాక్‌ను గిటారు పక్క అంచులో, చిన్న గిన్నె వంటి లోహపు తొడుగులో అమర్చారు. గిన్నెను చెక్కకు మరలతో బిగించలేదు. చెక్కలోని రంధ్రంలో వంపు తిరిగిన ఒక లోహపు బిళ్ళను పెట్టి, దాన్ని బలంగా చదును చేస్తే దాని కొసలు చెక్క గోడలోకి గుచ్చుకుంటాయి. గిన్నె, జాక్ రెండూ ఈ బిళ్ళను పట్టుకునే వ్రేలాడతాయి. కొత్తలో ఇది గట్టిగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి గుచ్చడం, పీకడం వలన చెక్క అరిగి, కొసల పట్టు సడలి, చివరకు గిన్నె మొత్తం ఊడి చేతికి వస్తుంది. గిటారులో మిగిలిన భాగాలన్నీ మరలు విప్పి బాగుచేసుకునేలా చేసిన ఫెండర్, ఎక్కువగా లాగుడుకు గురయ్యే చోట మరలు లేని పద్ధతిని ఎందుకు ఎంచుకున్నాడన్నది ఆశ్చర్యం కలిగిస్తుంది. బహుశా కర్మాగారంలో ఇది త్వరగా పూర్తయ్యే పని కావడం కారణం కావచ్చు.

జాక్ వదులైనపుడు వచ్చే లక్షణాలు అన్ని ఎలక్ట్రిక్ గిటార్లలోనూ ఒకే రకంగా ఉంటాయి. కేబుల్ కదిపినపుడు చిటపట శబ్దం వస్తే సాధారణంగా స్ప్రింగు రేకు పట్టు తగ్గిందనో, మురికి పట్టిందనో అర్థం. ఎర్త్ వైరు తెగితే పెద్దగా గుయ్యిమనే మోత వస్తుంది. సంకేతం మోసే వైరు తెగితే గిటారు ధ్వని ఆగిపోతుంది.

నట్టు వదులైందని గమనించిన చాలామంది దాన్ని బయటినుండి వ్రేళ్ళతోనో, పట్టుకారుతోనో తిప్పుతారు. ఇది పొరపాటు. లోపల జాక్‌ను ఏదీ పట్టుకుని ఉండదు గనుక నట్టుతోపాటు జాక్ కూడా తిరుగుతుంది. దానికి టంకం వేసి (సోల్డరింగ్ చేసి) ఉన్న రెండు వైర్లు మెలికపడి, కొన్ని తిప్పుళ్ళ తరువాత తెగుతాయి. నట్టు బిగించి బాగుచేశామనుకున్న గిటారు మరునాడు మూగబోవడానికి కారణం ఇదే. సరైన పద్ధతిలో జాక్‌ను లోపలినుండి చేతితో పట్టుకుని, బయట నట్టును అర అంగుళం స్పానరుతో బిగించాలి. టెలికాస్టర్‌లో నట్టు గిన్నె లోపల ఉంటుంది గనుక మామూలు స్పానరు అందదు, గొట్టం స్పానరు కావాలి. జాక్‌కూ అది ఆనే పలకకూ మధ్య పళ్ళ వాషరు వేస్తే అది రెండింటినీ కొరికి పట్టుకుని, జాక్ తిరగకుండా ఆపుతుంది. వైరు తెగి ఉంటే పాత టంకం తీసి, కాస్త వదులుగా ఉండేంత పొడవు వైరుతో తిరిగి టంకం వేయాలి. స్ప్రింగు రేకు పట్టు తగ్గితే దాన్ని కొద్దిగా లోపలికి వంచితే సరిపోతుంది. టెలికాస్టర్ గిన్నెయే ఊడివచ్చినపుడు మాత్రం కొత్త బిళ్ళ వేసినా అరిగిన చెక్క దాన్ని ఎక్కువకాలం పట్టుకోదు. అందువలన తరువాతి కాలంలో చాలామంది మరమ్మతుదారులు గిన్నెను తీసివేసి, రెండు మరలతో చెక్కకు బిగించే పలకను వాడసాగారు. వాద్యకారులు మరొక ఉపాయం కనిపెట్టారు. కేబుల్‌ను భుజం పట్టీ చుట్టూ ఒక మెలిక తిప్పి గుచ్చితే, కాలికింద పడిన కేబుల్ లాగుడు పట్టీ మీద పడుతుంది తప్ప జాక్ మీద పడదు.

స్ట్రాటోకాస్టర్

ఫెండర్ తన గిటార్లను కచేరీలు చేసే వాద్యకారులకు ఇచ్చి, వారు చెప్పే లోపాలను శ్రద్ధగా వినేవాడు. వాద్యం గురించి తనకు తెలియనిది వారికి తెలుసునని ఆయనకు ఎరుకే. బిల్ కార్సన్ అనే గిటారిస్టు టెలికాస్టర్ అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని ఫిర్యాదు చేసినవారిలో ఒకడు. ఇటువంటి సూచనలతోనూ, ఫ్రెడ్డీ టవారెస్ అనే సహచరుని తోడ్పాటుతోనూ 1954లో స్ట్రాటోకాస్టర్ వెలువడింది. శరీరానికి అనువుగా ఒంపులు తీసిన చెక్క, మూడు పికప్‌లు, తీగల బిగువును మీటతో మార్చే వంతెన దీని ప్రత్యేకతలు.

ఈ గిటారులో జాక్ పక్క అంచునుండి ముందు ముఖం మీదకు మారింది. పడవ ఆకారంలో లోతుగా నొక్కిన లోహపు పలకలో జాక్‌ను ఏటవాలుగా అమర్చి, ఆ పలకను రెండు మరలతో చెక్కకు బిగించారు. మరలు రెండూ విప్పితే జాక్, దాని వైర్లతో సహా బయటకు వస్తుంది. జాక్‌ను ఒక చేత్తో పట్టుకుని రెండవ చేత్తో నట్టు బిగించవచ్చు. టెలికాస్టర్‌లో లోపించిన సౌలభ్యం ఇక్కడ సమకూరింది. అయితే టెలికాస్టర్ జాక్ అమరికను మాత్రం ఫెండర్ ఉన్నకాలంలో మార్చలేదు. రెండు గిటార్లూ ఒకే కర్మాగారంలో, రెండు విభిన్నమైన జాక్‌లతో పక్కపక్కనే తయారయ్యాయి.

స్ట్రాటోకాస్టర్‌ను బడ్డీ హాలీ (1936-1959), జిమీ హెండ్రిక్స్ (1942-1970) వంటివారు ప్రపంచానికి పరిచయం చేశారు. ఎడమచేతి వాటం గల హెండ్రిక్స్ కుడిచేతివారి గిటారునే తలకిందులు చేసి వాయించేవాడు. దానివలన బొత్తాలు, జాక్ పైవైపుకు వచ్చేవి.

బాస్ గిటారు, యాంప్లిఫయర్లు

1951లో వెలువడిన ప్రెసిషన్ బాస్ ప్రభావం టెలికాస్టర్ కంటే ఎక్కువేనని చెప్పవచ్చు. అంతకుముందు మంద్రస్థాయి స్వరాలకు మనిషంత ఎత్తున్న డబుల్ బాస్ వాడేవారు. దాన్ని మోసుకుపోవడం కష్టం, ఇతర వాద్యాల మధ్య వినిపించడమూ కష్టమే. ఫెండర్ బాస్‌కు గిటారులాగా మెట్లు ఉండడం వలన స్వరం ఖచ్చితంగా పలికేది, పేరు కూడా అందుకే పెట్టారు. ఈయన సంస్థ తయారుచేసిన బాస్‌మన్ యాంప్లిఫయర్‌ను ఆధారం చేసుకునే 1960ల ఆరంభంలో ఇంగ్లాండులో జిమ్ మార్షల్ తన తొలి యాంప్లిఫయర్‌ను తయారుచేశాడు. డిక్ డేల్ అనే గిటారిస్టు ఫెండర్ ఇచ్చిన యాంప్లిఫయర్లను తన వాయింపుతో వరుసగా కాల్చివేస్తూ ఉంటే, ఫెండర్ ప్రతిసారీ మరింత గట్టిది చేసి ఇచ్చేవాడు.

సంస్థ విక్రయం

1950ల మధ్యనుండి ఫెండర్ ముక్కు సంబంధిత ఇన్‌ఫెక్షన్‌తో బాధపడ్డాడు. వైద్యం ఫలించలేదు. తాను ఎక్కువకాలం బ్రతకనన్న భావనతో సంస్థను అమ్మడానికి సిద్ధపడ్డాడు. 1965 జనవరిలో సి.బి.ఎస్. సంస్థ దాన్ని 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. అంతకు కొద్దినెలల ముందు న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టులో 80 శాతం వాటాకు ఇదే సి.బి.ఎస్. చెల్లించినది 1.12 కోట్ల డాలర్లే. ఆ తరువాత మరొక వైద్యుని చికిత్సతో ఫెండర్ వ్యాధి నయమైంది. కానీ అప్పటికే సంస్థ చేతులు మారింది. తన పేరుతో వస్తున్న గిటార్ల మీద ఆయనకు అధికారం లేకపోయింది. సి.బి.ఎస్. కాలంలో నాణ్యత తగ్గిందని వాద్యకారులు భావించడంతో, 1965కు ముందరి గిటార్ల ధరలు విపరీతంగా పెరిగాయి. 1985లో సి.బి.ఎస్. ఈ సంస్థను అందులో పనిచేస్తున్నవారి బృందానికి అమ్మివేసింది.

తరువాతి సంస్థలు

ఆరోగ్యం కుదుటపడిన ఫెండర్ ఊరకుండలేదు. ఒకప్పటి తన ఉద్యోగులు ఫారెస్ట్ వైట్, టామ్ వాకర్ 1970లలో నెలకొల్పిన మ్యూజిక్ మ్యాన్ సంస్థతో కలిసి పనిచేసి, 1975లో దానికి అధ్యక్షుడయ్యాడు. 1976లో వెలువడిన స్టింగ్‌రే బాస్ ఈ సంస్థ పేరు నిలబెట్టింది. ఇందులో ధ్వనిని పెంచే చిన్న సర్క్యూటు గిటారులోనే ఉంటుంది, దానికి బ్యాటరీ కావాలి. ఇటువంటి వాద్యాలలో జాక్‌యే స్విచ్చుగా కూడా పనిచేయడం పరిపాటి. ప్లగ్గు గుచ్చితే బ్యాటరీ వలయం పూర్తవుతుంది, పీకితే తెగుతుంది. కచేరీ ముగిశాక కేబుల్ తీయడం మరిచిపోతే బ్యాటరీ అనవసరంగా ఖర్చవుతూ ఉంటుంది. టెలిఫోన్ బోర్డునుండి వచ్చిన జాక్‌కు ఈ విధంగా మరొక బాధ్యత వచ్చిపడింది.

తరువాత భాగస్వాములతో విభేదాలు వచ్చి, జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ సంస్థను ప్రారంభించాడు. జార్జి, లియో పేర్లలోని మొదటి అక్షరాలే ఈ పేరు. ఈ సంస్థ ఉన్న వీధికి అప్పటికే ఫెండర్ పేరు ఉంది.

తెలుగునాట ఈ వాద్య పరంపర

బోలు లేని చెక్కపలక, పికప్, జాక్, కేబుల్ అన్న అమరిక గిటారుకే పరిమితం కాలేదు. ఫెండర్ సంస్థ 1956లో ఇదే పద్ధతిలో నాలుగు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను తయారుచేసింది. సంప్రదాయ మాండలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి, ఇందులో ఒంటి తీగలే. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించి, కర్ణాటక సంగీత కచేరీలో ఆ వాద్యానికి స్థానం సంపాదించిపెట్టాడు. ఆయన వాయించినది ఫెండర్ సంస్థ వాద్యమని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. కానీ కచేరీ వేదిక మీద ఆ మాండలిన్ ధ్వని శ్రోతలకు చేరినది కూడా ఇటువంటి కేబుల్ ద్వారానే.

వ్యక్తిగత జీవితం, మరణం

భార్య ఎస్తర్ 1979లో క్యాన్సర్‌తో మరణించింది. 1980లో ఫిలిస్‌ను వివాహమాడాడు. ఫెండర్ మితభాషి. గొప్ప ధనవంతుడైన తరువాత కూడా ప్రతిరోజూ పనిగదికి వెళ్ళి, పికప్‌లు, వంతెనలు విప్పి చూస్తూ గడిపేవాడు. చివరి సంవత్సరాలలో పార్కిన్సన్ వ్యాధి సోకినా ఈ అలవాటు మానలేదు. 1991 మార్చి 21 న ఫుల్లర్టన్‌లో మరణించాడు. శాంటా అనాలోని ఫెయిర్‌హేవెన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఈయనకు స్థానం లభించింది. 2009లో సాంకేతిక విభాగపు గ్రామీ పురస్కారం ప్రకటించారు. జి అండ్ ఎల్ కర్మాగారంలో ఈయన పనిచేసిన గదిని మరణానంతరం బల్ల మీది పనిముట్లతో సహా ఉన్నది ఉన్నట్లుగా ఉంచారు.